చదునైన చోటు

ఆ ఆగస్టులో మంట మా లోయలోకి దిగుతుందని ఎవరూ అనుకోలేదు. వారం రోజులుగా అది దక్షిణపు గట్టుకు అవతలే ఉంది. సాయంత్రాలు దుకాణం మెట్ల మీద బీరు డబ్బాలు పట్టుకుని కూర్చుని, పొగ ఎటు పోతోందో చూసి ఎవరికి తోచిన జోస్యం వాళ్లం చెప్పుకునేవాళ్లం. ఒక మధ్యాహ్నం గాలి తిరిగింది. తిరిగిన గాలి మంటను గట్టు దాటించి ఏటి రోడ్డు మీదికి తెచ్చింది.

మాకు బయటికి పోయే దారులు రెండే. ఏటి రోడ్డు పోయాక మిగిలింది పై రోడ్డు. ఒకప్పుడు దుంగల లారీల కోసం వేసింది. కనుమ దాకా మెలికలు తిరుగుతూ ఎక్కి, అవతలి లోయలోకి దిగుతుంది. షెరీఫ్ మనిషి జీపులో మైకు పట్టుకుని ప్రతి ఇంటి ముందూ అరుచుకుంటూ పోయాడు. ఎక్కువమందిమి చేతికందినది ట్రక్కుల్లో పడేసుకుని వెంటనే బయల్దేరాం. వెర్నా వాళ్లు వెనకబడ్డారు. వాళ్లకు జరిగినదంతా తర్వాత చలికాలంలో వెర్నా నోటా, ఆమె చెల్లెలు ట్విలా నోటా విన్నదే. ఇద్దరి మాటలూ కలవని చోట వెర్నా చెప్పిందే తీసుకున్నాను.

వెర్నా భర్త డెల్మర్ జీవితమంతా దుంగల లారీ నడిపినవాడు. ఆ వసంతంలో అతనికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి చచ్చుబడింది, కుడి కాలు ఈడ్చుకుంటూ నాలుగు అడుగులు వేయగలడు. మాట మాత్రం పోయింది. పూర్తిగా పోయినా బాగుండేదేమో, ఒక్క మాట మిగిలింది: మంగళవారం. కాఫీ కావాలన్నా మంగళవారమే, కిటికీ ముయ్యమన్నా మంగళవారమే. తలలో అన్నీ ఉన్నాయి, నోటి దగ్గరికొచ్చేసరికి ఆ ఒక్కటే దొరుకుతుంది, ఎందుకు అదే మిగిలిందో మాకూ తెలియదు అన్నారు డాక్టర్లు. వెర్నా అతను గొంతు ఎత్తడాన్నీ దించడాన్నీ బట్టి సగం అర్థం చేసుకునేది. మిగతా సగానికి ఇద్దరూ ఒకరి మీద ఒకరు విసుక్కునేవారు.

వెర్నా బడి వంటగదిలో పనిచేసి రిటైరయింది. కారు నడపడం వచ్చు గాని, కారు సంగతులన్నీ డెల్మర్ వే. పొడవాటి పాత స్టేషన్ వ్యాగన్ అది, ఆటోమేటిక్ గేర్లు. దాని బానెట్ ఆమె ఏనాడూ ఎత్తలేదు. జూలైలో షెడ్డు ముందు కంకర మీద ఎర్రటి మరకలు కనపడితే డెల్మర్ చేతికర్రతో వాటిని పొడిచి పొడిచి చూపించి, "మంగళవారం! మంగళవారం!" అని గోల చేశాడు. పక్షులు బెర్రీలు తిని రెట్టలు వేశాయనుకుంది వెర్నా. "అబ్బ, కడుగుతాలేవయ్యా," అని పైపు తెచ్చి శుభ్రంగా కడిగేసింది. అతను మొహం తిప్పుకుని లోపలికి పోయాడు. ఆ రోజంతా అన్నం దగ్గర కూడా ఆమె వైపు చూడలేదు.

మంట వచ్చిన రోజు వాళ్లు ఆలస్యం అవడానికి కారణం ట్విలా పిల్లి. ట్విలా కాస్త కిందికి, చక్రాల మీద నిలబెట్టిన చిన్న రేకు ఇంట్లో ఒంటరిగా ఉండేది. వెర్నా కారు తెచ్చి వాకిట్లో నిలిపేసరికి ఆమె ఇంటి అడుగున బోర్లా పడుకుని, కాళ్లు మాత్రం బయటికి పెట్టి, "బిషప్! బయటికి రారా వెధవా!" అని పిలుస్తోంది.

"ఎక్కవే ట్విలా! పొగ కనపడటం లేదా? దాన్నొదిలెయ్!"

"వదలను. నా ముగ్గురు మొగుళ్లూ కలిపి ఎంతకాలం ఉన్నారో అంతకన్నా ఎక్కువ ఉంది ఇది నాతో."

చివరికి పిల్లిని దిండు గలీబులో వేసి మూతి ముడేసి, మోచేతుల నిండా రక్కులతో వచ్చి వెనక సీట్లో పడింది. అప్పటికి ఎదురుగా ఉన్న కొండ కనపడటం లేదు. సూర్యుడు ఎర్రటి నాణెంలా ఉన్నాడు, వెలుగు లేదు.

పై రోడ్డు మొదటి మెలికలు కారు బాగానే ఎక్కింది. మూడో మెలిక తర్వాత ఎత్తు ఎక్కువ. అక్కడ ఇంజను గొంతు ఒక్కసారిగా పెరిగింది, కారు మాత్రం వెనకబడింది. వెర్నా ఇంకా గట్టిగా తొక్కింది. ఇంజను అరుస్తోంది, చక్రాలకు ఆ సంగతే తెలియనట్టుంది. ఒక కుదుపుతో గేరు పట్టుకుని కారు దూకింది, మళ్లీ వదిలేసింది. అలా పట్టుకుంటూ వదులుతూ ఇంకొంచెం పోయి, ఎత్తు మధ్యలో ఆగిపోయింది. బ్రేకు తొక్కకపోతే వెనక్కి జారుతోంది.

"ఏమైందే?" అంది ట్విలా.

"పోవటం లేదు. తొక్కుతున్నా పోవటం లేదు!"

"గేర్లు జారుతున్నాయి. ఆయిల్ అయిపోయుంటుంది. రెండో మొగుడి ట్రక్కుకి అచ్చం ఇలాగే అయ్యింది. ఇంజను ఆపు, చూస్తాను."

"ఆపితే మళ్లీ స్టార్టవుతుందా?"

"ఆయిల్ చూడాలంటే ఇంజను ఆపాలే తల్లీ. ఆ మాత్రం తెలీకుండా ఇన్నేళ్లు నడిపావా?"

వెర్నా చేతి బ్రేకు లాగి తాళం తిప్పింది. ఇంజను ఆగగానే ఇంకో చప్పుడు వినపడింది. కింద లోయలోంచి, రైలు వస్తున్నట్టు ఒక ఎడతెగని హోరు. ఆ చప్పుడు ఏమిటో ముగ్గురికీ అర్థమైంది.

"మంగళవారం!" అని అరిచాడు డెల్మర్. ఎడం చేత్తో తాళం వైపు గుద్దినట్టు చూపిస్తున్నాడు.

"ఉండవయ్యా, చూడనీ," అంటూ ట్విలా దిగింది.

ట్విలాకు బానెట్ ఎత్తడం తెలుసు. ఇంజను ఆయిల్ కడ్డీ ముందుంటుందని, గేర్ల ఆయిల్ కడ్డీ ఇంజను వెనక, రేకు గోడ దగ్గర దాక్కుని ఉంటుందని కూడా తెలుసు. దాన్ని లాగి పట్టుకుని వెర్నా మొహం ముందు పెట్టింది. పైన ఉన్న గీతను కూడా దాటి తడి మెరుస్తోంది.

"నిండుగా ఉంది. నిండుగా కాదు, పొంగిపోతోంది! ఆయిల్ కాదు వెర్నా. గేర్ పెట్టె లోపలే పోయింది. ఇంక ఇది కదలదు."

కనుమ ఎంత దూరమో ఆమెకు తెలుసు. ట్విలా ఏడుస్తూ తిడుతూ అయినా నడవగలదు. తనూ నడవగలదు. వెనక్కి తిరిగి కారు లోపలికి చూసింది.

డెల్మర్ అద్దంలోంచి చెయ్యి బయట పెట్టి ఊపుతున్నాడు. "మంగళవారం! మంగళవారం!" తాళం వైపు చూపిస్తాడు, తర్వాత రోడ్డు వైపు, తర్వాత అరచెయ్యి బోర్లించి కిందికి నొక్కుతున్నట్టు ఊపుతాడు.

"ఏమంటున్నాడు?" అంది ట్విలా గొంతు తగ్గించి.

"పొమ్మంటున్నాడు," అంది వెర్నా. "తనని వదిలేసి మనల్ని పొమ్మంటున్నాడు."

వెర్నా అద్దం దగ్గరికి వెళ్లి వంగి అతని మొహంలో మొహం పెట్టింది.

"నిన్నొదిలి పోతాననుకున్నావా? నోరు మూసుకుని కూర్చో. నీ పక్కనే కూర్చుంటాను. ట్విలా పోతుంది. నేను పోను. వింటున్నావా?"

డెల్మర్ కళ్లు పెద్దవి చేసి ఆమెను చూశాడు. తర్వాత తల సీటుకేసి కొట్టుకున్నాడు. మళ్లీ అరచెయ్యి బోర్లించి కిందికి నొక్కాడు.

"శాంతంగా ఉండమంటావా? నన్నా! ఆ కింద హోరు వినపడటం లేదా నీకు?"

ఆ సమయంలోనే కింది మెలికలోంచి మోటారు సైకిల్ ఒకటి వచ్చింది. పోస్టాఫీసులో పనిచేసే లేలండ్. మొహానికి తడి తువ్వాలు కట్టుకున్నాడు. ఆగాడు గాని కాలు నేల మీద పెట్టి ఇంజను గుర్రుమనిపిస్తూనే ఉన్నాడు.

"నా వెనక ఇంకెవరూ లేరు. మంట ట్విలా ఇల్లు దాటి పైకొచ్చేసింది. ఒక్కళ్లు ఎక్కొచ్చు. ఎవరు?"

"ట్విలా, ఎక్కు," అంది వెర్నా.

ట్విలా మోటారు సైకిల్ వైపు చూసింది. అక్కను చూసింది. కారు దగ్గరికి పోయి గలీబు తీసుకొచ్చింది. లేలండ్ తోలు కోటు జిప్పు తనే లాగి, గలీబును లోపల కుక్కి, మళ్లీ పైకి లాగింది. లోపలి నుంచి పిల్లి ఘోరంగా అరిచింది.

"దీని పేరు బిషప్. కరుస్తుంది," అంది. "ఇంక పో."

"ట్విలా, నీకు పిచ్చా?"

"పోవయ్యా! పైన ఎవరైనా ఉంటే పంపించు."

అతను పోయాడు. చప్పుడు పొగలో కలిసిపోయేదాకా అక్కాచెల్లెళ్లిద్దరూ అటే చూశారు. "ఏడవకే," అంది ట్విలా. "నువ్వేడిస్తే నాకు భయమేస్తుంది." వెర్నా అప్పుడు గాని తను ఏడుస్తున్నట్టు గమనించలేదు.

డెల్మర్ మాత్రం ఈ గొడవంతా పట్టించుకోలేదు. అతను ముందు అరలోంచి తన మాత్రల సీసా తీశాడు. గుండ్రటి సీసా. దాన్ని అడ్డంగా, కారు తల నుంచి తోక వైపు దొర్లేటట్టు, తన పక్క సీటు మీద పెట్టి వదిలాడు. అది దొర్లి వీపు పట్టెకు తగిలింది. అతను వెర్నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. మళ్లీ ముందుకు తెచ్చి పెట్టి వదిలాడు. మళ్లీ దొర్లింది. మళ్లీ తల అడ్డంగా. ఈసారి అరచెయ్యి బోర్లించి, గాలిలో నిశ్చలంగా పట్టుకున్నాడు. ఆ చెయ్యి అలాగే ఉంచి, గడ్డంతో వెనక్కి, కిందికి, రోడ్డు పక్కన దాటి వచ్చిన కంకర చదును వైపు చూపించాడు. చలికాలంలో లారీలు చక్రాలకు గొలుసులు కట్టుకునే చోటు అది.

వెర్నా ఆ చేతిని చూస్తూ నిలబడిపోయింది.

"చదునుగా..." అంది. "చదునుగా ఉండాలా? కారు చదునైన చోట ఉండాలా?"

"మంగళవారం!" అన్నాడు డెల్మర్. ఆ గొంతుకు అవును అని అర్థమని ఆమెకు తెలుసు.

"ఆయిల్ చూడటానికా?"

"మంగళవారం!" తాళం వైపు చెయ్యి. పిడికిలి బిగించి తిప్పాడు.

"ఇంజను... నడుస్తూ ఉండాలా? నడుస్తుండగా చూడాలా?"

డెల్మర్ కళ్లు మూసుకుని ఒక పెద్ద నిట్టూర్పు విడిచాడు.

అతను పొమ్మని అనలేదు. తనను వదిలేయమని ఒక్కసారీ అనలేదు. ఆ త్యాగం ఆలోచన అతనికి వచ్చినట్టే లేదు. వాళ్లిద్దరూ ఆయిల్ తప్పుగా చూస్తున్నారని, అంతసేపూ అదే కోపం అతనికి.

"వెనక్కా?" అంది ట్విలా. "మంట వైపు? ఆయిల్ చూడటానికి? నిండుగా ఉందని నా కళ్లతో చూశానే!"

"ఇంజను ఆపి చూశావు. ఏటవాలు మీద చూశావు. డెల్మర్ కాదంటున్నాడు."

"డెల్మర్ మంగళవారం అంటున్నాడు!"

"ఎక్కు ట్విలా."

ఇంజను రెండోసారికి స్టార్టయింది. వెర్నా బ్రేకు మీద కాలుంచి, అద్దాల్లో చూసుకుంటూ కారును వెనక్కి జారనిచ్చింది. వెనక అద్దంలో రోడ్డు లేదు, నారింజ రంగు పొగ ఉంది. దాంట్లోకే జారాలి. పక్కన డెల్మర్ ఎడం చెయ్యి ఆమె భుజం మీద ఉంది. ఆ చెయ్యి ఎటు నొక్కితే అటు స్టీరింగు తిప్పింది. చక్రాల కింద కంకర చప్పుడు వినపడేదాకా ఆమె ఊపిరి పీల్చలేదని చెప్పింది. చదునులోకి వచ్చి ఆగాక డెల్మర్ మాత్రల సీసాను మళ్లీ సీటు మీద పెట్టాడు. అది కదల్లేదు.

అక్కడ వేడి వేరుగా ఉంది. బూడిద పడుతోంది, బూడిదతో పాటు నిప్పు రవ్వలు. పైన్ ఆకుల కుప్పలు అంచుల్లో పొగలు కక్కుతున్నాయి. ట్విలా దిగి వాటిని చెప్పులతో తొక్కడం మొదలుపెట్టింది. వెర్నా కూడా దిగబోతే డెల్మర్ చొక్కా పట్టుకుని లాగాడు. ఆమె పాదం చూపించి, బ్రేకు చూపించాడు. ఆమె తొక్కి పట్టుకుంది. అతను ఎడం చేత్తో స్టీరింగు పక్కనున్న గేరు లివరును ఒక్కొక్క స్థానానికీ తిప్పసాగాడు. వెనక గేరు. ఆగాడు. న్యూట్రల్. ఆగాడు. ముందు గేరు. ఆగాడు. తర్వాతది, ఆ తర్వాతది. ప్రతి చోటా ఆయిల్ ఆ దారిలోకి పోయేంతసేపు ఆగుతున్నాడు. ఏదీ తొందరగా చేయటం లేదు. వెర్నా పళ్లు కరుచుకుని, "త్వరగా, త్వరగా," అంటోంది. అతను వినలేదు. లివరు తిరిగి పార్కు మీదికి వచ్చాక చేతి బ్రేకు చూపించి, అప్పుడు ఆమెను పొమ్మన్నట్టు తల ఊపాడు.

ఇంజను నడుస్తూనే ఉంది. వెర్నా వెనక కడ్డీ లాగింది. వేడికి చెయ్యి కాలింది. మసక మసకగా అక్కడక్కడా తడి. దాన్ని పరుగున అద్దం దగ్గరికి తెచ్చింది. డెల్మర్ చూడనైనా చూడలేదు. చొక్కా అంచుతో శుభ్రంగా తుడిచి వెనక్కి ఇచ్చాడు.

"చూడవేం? ఇప్పుడే కదా తీశాను!"

అతను చేత్తో పొడిచినట్టు చూపించాడు. మళ్లీ పెట్టు. పూర్తిగా లోపలికి. మళ్లీ తియ్యి.

ఆమె మళ్లీ పోయింది. అడుగు తాకేదాకా దింపి, మళ్లీ లాగింది. ఈసారి కడ్డీ పొడిగా ఉంది. కొసన కూడా తడి లేదు.

"ట్విలా!" అని అరిచింది. "ఆయిల్ లేదు! చుక్క లేదు!"

"ఇందాక నిండుగా ఉందే!"

"ఇంజను ఆపితే అంతా కిందికి దిగి నిండుగా కనపడిందేమో. లేదే! చుక్క లేదు!"

ట్విలా కడ్డీని చూసింది, కారును చూసింది. తర్వాత వెనక తలుపు తెరిచి సామానంతా కింద పడేయడం మొదలుపెట్టింది. దుప్పట్లు, ఫొటోల పెట్టె, డెల్మర్ చక్రాల కుర్చీ, వెర్నా చేసిన పీచ్ పండ్ల సీసాలు. అన్నిటికీ అడుగున డెల్మర్ పెట్టె ఉంది. అందులో ఎర్ర ఆయిల్ సీసాలు రెండు నిండుగా, ఒకటి సగానికి. గరాటు లేదు. ఆయిల్ పోయాల్సింది కడ్డీ దూరే గొట్టంలోకే, అది వేలి లావుంది. పక్కనే ఎర్రగా కాలుతున్న పొగ గొట్టం. దాని మీద పడితే అంటుకుంటుంది.

వెర్నా ముందు అరలోంచి రోడ్ల మ్యాపు లాగి, పొట్లంలా చుట్టి, మొన కొరికి, గొట్టంలో దూర్చింది. ట్విలా సీసా వంచింది.

"పోసెయ్యి మొత్తం," అంది.

కారు లోపలి నుంచి దబదబా చప్పుడు. డెల్మర్ తలుపు గుద్దుతున్నాడు. వెర్నా చూస్తే చూపుడు వేలూ బొటనవేలూ కాస్త ఎడంగా పట్టుకున్నాడు. కొంచెమే.

"కొంచెమేనట."

"మంట నెత్తిమీదికి వస్తే కొంచెమేంటే!"

"కొంచెం పొయ్యి ట్విలా, నీకు దణ్ణం పెడతా. ఎక్కువైతే కూడా పాడవుతుందేమో. అతను చెప్పినట్టే చేద్దాం."

మ్యాపు తడిసి జారింది, కాస్త ఆయిల్ పొగ గొట్టం మీద పడి భగ్గుమంది. వెర్నా తన స్వెట్టరుతో కొట్టి ఆర్పింది. కనుబొమలు కమిలాయి. మళ్లీ కడ్డీ, మళ్లీ తుడవడం, మళ్లీ దింపడం. అద్దం దగ్గరికి పరుగు. ఇంకా పొడే. ఇంకొంచెం పోశారు. మొదటి సీసా అయింది. రెండోది సగంలో కొస తడిసింది. డెల్మర్ కడ్డీని అటూ ఇటూ తిప్పి రెండు వైపులా చూశాడు. ఒక వైపు ఎక్కువ తడి, ఒక వైపు తక్కువ. తక్కువ ఉన్న వైపు మీద గోరు పెట్టి, ఇదీ అన్నట్టు చూపించాడు. రెండోదీ అయ్యాక తడి రెండు గీతల మధ్యకు వచ్చింది. అతను అరచెయ్యి అడ్డం పెట్టాడు. చాలు.

తర్వాత వేళ్ల మధ్య ఆ చుక్కను రుద్ది వాసన చూశాడు. కొత్త ఆయిల్ కలిసినా అది ఎర్రగా లేదు, కాచిన కాఫీ రంగులో ఉంది. మాడిన వాసన వెర్నాకు కూడా తెలిసింది. అతను ఆమె మొహంలోకి చూసి, వేళ్లు మళ్లీ దగ్గరగా పట్టి చూపించాడు. ఈసారి ఆయిల్ గురించి కాదు. ఈ గేర్ పెట్టె ఆయుష్షు గురించి.

కంకర చదును అంచున ఉన్న పైన్ చెట్టు కింది నుంచి పై దాకా ఒక్క ఊపిరిలో అంటుకుంది. ట్విలా సీట్లోకి దూకింది. సామానంతా కిందే ఉండిపోయింది.

వెర్నా తొక్కబోతే డెల్మర్ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి పైకి లాగాడు. లివరును తనే అన్నిటికన్నా కింది గేరులో పెట్టాడు. నెమ్మదిగా. కారు ఒక్క క్షణం ఆలోచించి, పట్టుకుంది, కదిలింది. ఇందాక ఆగిపోయిన చోటు దాటింది. వెనక మంట చప్పుడు, వెనక అద్దం ముట్టుకుంటే కాలుతోంది, ముందు ఈ కారు పెళ్లి ఊరేగింపులా పోతోంది. ట్విలా వెనక నుంచి దేవుడి పేరూ బూతులూ కలిపి జపం చేస్తోంది. వెర్నా కాలు ఆమెకు తెలియకుండానే బరువెక్కితే, మోకాలి మీది చెయ్యి మళ్లీ లాగేది.

కనుమకు ఇంకో రెండు మెలికలుండగా మళ్లీ జారడం మొదలైంది. డెల్మర్ ఆపమన్నాడు. లారీలు తిరగడానికి వెడల్పు చేసిన మెలికలో, చదునుగా ఉన్న అంచు మీద ఆపారు. ఇంజను ఆపలేదు. లివరు అన్ని చోట్లా తిరిగింది. తుడిచి, దింపి, తీసి చూశారు. మిగిలిన సగం సీసా పోశారు. అది కొస మాత్రం తడిపింది. ఇంక పోయడానికి ఏమీ లేదు.

కనుమ మీదికి మనిషి నడక వేగంతో చేరారు. సరిగ్గా పైన, దారి పలక దగ్గర, గేర్ పెట్టెలో ఏదో విరిగిన చప్పుడయింది. ఇంజను ఖాళీగా అరిచింది. చక్రాలు ఆగబోయాయి. ట్విలా తలుపు తెరిచి దూకి, వెనక నుంచి నెట్టింది. ఆ తర్వాత ఆమె నడుము ఏనాడూ బాగుపడలేదు. ముందు చక్రాలు వాలు అందుకున్నాయి. ఆమె పరుగెత్తి ఎక్కింది. అవతలి వైపు దారంతా గేరు లేకుండా, బ్రేకులు కమిలిన వాసనతో దిగారు.

దిగువన రోడ్డుకు అడ్డంగా పెట్టిన జీపు దగ్గర లేలండ్ ఉన్నాడు. షెరీఫ్ మనిషి చొక్కా పట్టుకుని కనుమ మీదికి ఎవరినైనా పంపమని అరుస్తున్నాడట. ఆయన, మంట రోడ్డు దాటేసిందయ్యా, పంపితే వాళ్లూ పోతారు అంటున్నాడు. అప్పుడే పొగలోంచి బానెట్ సరిగ్గా మూయని స్టేషన్ వ్యాగన్ చప్పుడు లేకుండా జారుతూ వచ్చింది. లేలండ్ అక్కడే రోడ్డు మీద కూలబడ్డాడు. అతని మెడ నిండా పిల్లి రక్కులు.

ఆ రాత్రి బడి ఆటల హాలులో మాకందరికీ మంచాలు వేశారు. వెర్నా అందరితో మాట్లాడింది, సూప్ తాగింది, డెల్మర్ కు తాగించింది. తర్వాత బాత్రూములోకి పోయి తలుపేసుకుని ఎంతకీ రాలేదు. ట్విలా వెళ్లి తలుపుకు ఆనుకుని నేల మీద కూర్చుంది. లోపలి నుంచి వెర్నా గొంతు వచ్చింది: "జూలైలో చూపించాడే నాకు. కంకర మీద. నేను నీళ్లు కొట్టి కడిగాను."

"నాకు చూపించినా అదే చేసేదాన్ని," అంది ట్విలా. "తలుపు తియ్యి."

రోడ్లు తెరిచాక అందరం వెనక్కి వెళ్లాం. వెర్నా ఇంట్లో పొయ్యి గొట్టం ఒక్కటే నిలబడి ఉంది. డెల్మర్ నా ట్రక్కులోంచి దిగలేదు. షెడ్డు ఉన్న చోట అతని పనిముట్లన్నీ ఒక్క ముద్దగా కరిగిపోయాయి. వెర్నా ఆ ముద్దను కాలితో కదిపి చూసి వచ్చేసింది. ట్విలా చక్రాల ఇంటికి మాత్రం ఏమీ కాలేదు. చుట్టూ అంతా మసి, మధ్యలో అది, దండెం మీద ఆరేసిన బట్టలతో సహా.

ఆ చలికాలం ముగ్గురూ పిల్లీ ఆ ఇరుకింట్లోనే ఉన్నారు. నేను కట్టెలు దింపడానికి పోయినప్పుడల్లా ఏదో ఒక పోట్లాట జరుగుతూనే ఉండేది, ఎక్కువగా అక్కాచెల్లెళ్ల మధ్యే. డెల్మర్ కిటికీ దగ్గర కూర్చునేవాడు. మార్చిలో రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి అతను లేవలేదు. చివరి వారంలో ఆ మిగిలిన మాట కూడా పోయింది. వెర్నా అతని మంచం పక్కనే కూర్చుని, అతని ఎడం చేతిని తన మోకాలి మీద పెట్టుకుని ఉండేది. ఆ చెయ్యి ఎటు నొక్కుతుందోనని చూస్తూ ఉన్నానని చెప్పింది నాతో.